నీడచెట్లు నరికించిన పింఛను

తెర మీద మెట్లు

పోయిన వేసవిలో మా బ్యాంకు ట్రైనింగ్ సెంటర్ నుంచి ఫోనొచ్చింది. కొత్తగా ఉద్యోగంలో చేరి ఏజెన్సీ బ్రాంచీలకు వెళ్ళబోతున్న పిల్లలకు ఒక గంట మాట్లాడాలట. ఇలాంటి పిలుపు వస్తే ఎంత సంతోషమో రిటైరైతే గాని తెలియదు. గంజి పెట్టిన చీర కట్టుకుని చోడవరంలో పొద్దున్నే బస్సెక్కాను.

నాకంటే ముందు మాట్లాడిన పెద్దమనిషి తెర మీద ఒక బొమ్మ వేశాడు. మెట్లెక్కుతున్న మనిషి బొమ్మ. కింది మెట్టు మీద ‘ఇరవైల్లో మొదలుపెట్టండి’ అని ఉంది. దాని పైన ‘ముప్ఫైల్లో పెంచండి’, ఆ పైన ‘నలభైల్లో కాపాడుకోండి’, ఇంకా పైన ‘యాభైల్లో లెక్క చూసుకోండి’. చివరి మెట్టు మీద తెల్లజుట్టు దంపతులు సముద్రం ఒడ్డున కుర్చీలేసుకుని కొబ్బరినీళ్ళు తాగుతున్నారు. పిల్లలందరూ ఫోన్లు తీసి ఫొటో కొట్టుకున్నారు.

నా వంతు వచ్చింది. నేను నోరు తెరవకముందే ముందు వరసలోంచి ఒకమ్మాయి లేచి ఎంతో మర్యాదగా అడిగింది.

“మేడమ్, ట్రైబల్స్‌కి రేపటి గురించి ఆలోచన ఉండదంటారు కదా. దొరికింది ఆ రోజే ఖర్చు పెట్టేస్తారట. అలాంటివాళ్ళకి రిటైర్మెంట్ ప్లానింగ్ ఎలా చెప్పాలి?”

నాకు ఒళ్ళు మండిపోయింది. మండింది ఆ పిల్ల మీద కాదు, ఆ పిల్ల నోట్లో ఆ మాట పెట్టినవాళ్ళ మీద. “ముందు ఆ బొమ్మ తీసెయ్యండి” అని అరిచాను. ఎవరూ కదల్లేదు. ఇంకా గట్టిగా అరిచాను. కొబ్బరినీళ్ళ దంపతుల మీద నాకు అంత కోపం ఎందుకో అక్కడ ఎవరికీ అర్థం కాలేదు. నిర్వాహకుడు నవ్వుతూ లేచి టీ బ్రేక్ అన్నాడు. టీ అయ్యాక నా భుజాల మీద శాలువా కప్పి ఆటో ఎక్కించారు. నా గంట అలా అయిపోయింది.

ఆ రోజు చెప్పనివ్వనిది ఇప్పుడు రాస్తున్నాను. ప్రమోషన్లు, ఇన్‌స్పెక్షన్ల సంగతి ఇందులో రాయను. వంతల సుక్రి అనే మనిషి గురించి, ఇద్దరు మేనేజర్ల గురించి, ఒక కొండవాలు మీది చెట్ల గురించి రాస్తాను.

కొండెక్కించిన మేనేజరు

నేను ఫీల్డ్ ఆఫీసరుగా హుకుంపేట దగ్గరి బ్రాంచిలో చేరినప్పుడు మేనేజరు నరసింగరావుగారు. మొదటి రోజే నా చెప్పుల వైపు చూసి, “వరలక్ష్మిగారూ, ఇవి పనికిరావు. సంతలో రబ్బరు బూట్లు కొనుక్కోండి” అన్నారు. నేను నొచ్చుకున్నాను. వారం తిరక్కుండా ఎందుకన్నారో తెలిసింది.

ఆయన పద్ధతి ఒకటే. ఎవరైనా అప్పు కోసం వస్తే కాగితాలు పక్కన పెట్టి, “పద, నీ కొండ చూపించు” అనేవారు. ఇల్లు చూసేవారు కాదు. ఇల్లు చూస్తే ఏమీ తెలియదనీ, మనిషి ఏం దాచుకున్నాడో కొండ మీదే తెలుస్తుందనీ ఆయన నమ్మకం. ఆ నమ్మకం ముమ్మాటికీ నిజం. వాలు మీద వరసగా సిల్వర్ ఓక్ చెట్లు, వాటి నీడలో కాఫీ మొక్కలు, ఆ చెట్లకే పాకిన మిరియం తీగలు, గట్టు మీద పనస, ఇంటి పక్కన కల్లు గీసుకునే జీలుగు చెట్టు. కాఫీ ఏటా శీతాకాలంలో డబ్బులిస్తుంది. మిరియం ఆ తర్వాత ఇస్తుంది. సిల్వర్ ఓక్ కాఫీకి ఎండ తగలకుండా కాపు కాస్తూ నిలబడి ఉంటుంది. ఇంట్లో ఎవరైనా మంచాన పడితే, చావు వస్తే, ఒక చెట్టు అమ్ముతారు. అదీ అంచున ఉన్నదే చూసి అమ్ముతారు.

ఇవన్నీ ఎవరో గొప్ప జ్ఞాని కనిపెట్టినవి కావు. సర్కారువాళ్ళు మొక్కలిచ్చారు, వీళ్ళు పాతారు, ఏళ్ళు గడిచేసరికి దేన్ని ఎప్పుడు తాకాలో అందరికీ అలవాటైపోయింది. అంతే. మనకి పీఎఫ్ ఎలాగో వాళ్ళకి ఆ వాలు అలాగ.

నరసింగరావుగారిని దేవుణ్ణి చెయ్యను. ఆయన కొండెక్కేవారు గానీ, బ్రాంచికి వచ్చిన గిరిజనుణ్ణి ఏనాడూ కుర్చీలో కూర్చోమనలేదు. డెబ్భై ఏళ్ళ మనిషిని కూడా “ఒరే” అనేవారు. వాళ్ళ చెట్లను గౌరవించినంతగా వాళ్ళను గౌరవించలేదు. రెండో మేనేజరు వచ్చాక ఈయనే నయమనిపించింది గానీ, ఆ పోలిక పెట్టి ఈయన్ని వదిలెయ్యడం నాకిష్టం లేదు.

సుక్రి కోరిక

సుక్రి బ్రాంచికి వస్తే అందరికీ తెలిసిపోయేది. గొంతు అలాంటిది. ముక్కుకి మూడు పుడకలు, భుజం మీద కండువాలా వేసుకున్న తువ్వాలు. నా టేబులు ముందు నేల మీద కూర్చోబోతే కుర్చీ చూపించాను. కూర్చుంది, అటూ ఇటూ ఊగి చూసింది, బాగుందంది. ఆ తర్వాత పనున్నా లేకపోయినా వచ్చి కూర్చునేది.

ఒక రోజు ఉన్నట్టుండి అడిగింది. “మేడమ్మా, నీకు ముసిలితనం వత్తే ఎవులు పెడతారే?”

“బ్యాంకు పింఛను ఇస్తుంది.”

“పని సెయ్యకపోయినా?”

“చెయ్యకపోయినా. నెలనెలా.”

సుక్రి నోటి మీద చెయ్యి వేసుకుంది. కాసేపు నన్ను ఎగాదిగా చూసింది. “నాకూ అలాటిది ఇప్పించీయే” అంది.

నవ్వాను. అది నవ్వుతాలు కాదని తర్వాత తెలిసింది. సుక్రి అత్త చివరి రోజుల్లో చూపు పోయి, ఇద్దరు కొడుకుల ఇళ్ళ మధ్య తిరిగింది. ఈ పూట సుక్రి ఇంట్లో, ఆ పూట ఎదురింట్లో ఉండే పెద్దకోడలు బుద్రి ఇంట్లో. సత్తుగిన్నె పట్టుకుని, గోడ తడుముకుంటూ వెళ్ళి, గుమ్మం ముందు నిలబడి అంబలి పోస్తారేమోనని చూసేది. ఆ ఊళ్ళో పంపకాలప్పుడు ముసలివాళ్ళ కోసమని వాలులో ఒక ముక్క విడిగా ఉంచుతారు. ఆవిడకీ ఉంచారు. కానీ అందులో అప్పటికి సామలు తప్ప ఏమీ పండేవి కావు. ఆవిడ పోయాక అన్నదమ్ములు ఆ ముక్కను చెరిసగం పంచుకుని కాఫీ వేశారు. సుక్రి మొగుడు డొంబు సగంలో మొక్కలన్నీ సుక్రి చేతులతో పాతినవే.

“నాను మా అత్తలాగ గిన్నె పట్టుకొని ఎదురింటికి ఎల్లను మేడమ్మా,” అనేది సుక్రి. “అందునా ఆ బుద్రి ఇంటికి సచ్చినా ఎల్లను.”

సుక్రికీ తోడికోడలు బుద్రికీ ఎందుకు పడదో నాకు చివరిదాకా తెలియలేదు. కోడిపెట్ట దగ్గర మొదలైందని ఒకరంటే, పెళ్ళిలో చీర దగ్గరని ఇంకొకరన్నారు.

రేపటి గురించి ఆలోచన లేదన్నారే, ఈవిడకున్నంత ఆలోచన నాకు ఆ వయసులో లేదు. నా జీతంలోంచి పీఎఫ్ ఎంత పోతోందో నేను చూసుకునేదాన్ని కాదు. అది దానంతటదే పోయేది. మనం దాచుకోలేదు, మన చేత దాయించారు. అది చాలు, మనం ముందుచూపున్నవాళ్ళమైపోయాం. సుక్రి వాలు మీద వంగి గోతులు తవ్వింది. ఆవిడకు ముందుచూపు లేదట.

క్యాంపు రోజు

కొన్నేళ్ళకు శేఖర్‌గారు మేనేజరుగా వచ్చారు. నాకంటే చిన్నవాడు. చురుకైనవాడు, ఎవరినీ ఒరే అనేవాడు కాదు. వచ్చిన ప్రతివాళ్ళకూ కుర్చీ వేయించేవాడు, టీ ఇప్పించేవాడు. ఆ విషయంలో నరసింగరావుగారి కంటే వంద రెట్లు మంచివాడనుకున్నాను.

అప్పటికి బ్యాంకులు బీమా, పింఛను పాలసీలు అమ్మడం మొదలుపెట్టాయి. ఏటా కొంత కడితే అరవయ్యో ఏట నుంచి నెలనెలా పింఛను. పైనుంచి టార్గెట్లు. మార్చి దగ్గర పడేకొద్దీ ఫోన్లలో తిట్లు. శేఖర్‌గారు ఒకరోజు జీపులో వాలు వెంబడి వెళ్తూ సిల్వర్ ఓక్ చెట్లు చూశారు. కిందికి దిగను కూడా లేదు. “ఎంత కలప అండీ ఇది! ఉత్తినే నిలబడి ఉంది. డెడ్ ఎసెట్” అన్నారు.

“అవి కాఫీకి నీడచెట్లు సార్.”

“అన్నీ నరకమనట్లేదు కదండీ.”

ఆ మాట విని ఊరుకున్నాను. వారం తర్వాత సుక్రి ఊరి బడి వరండాలో పింఛను క్యాంపు పెట్టారు. షామియానా, మైకు, పిల్లలకు బిస్కట్లు. బడి వెనక రోడ్డు మీద కింది ప్రాంతం నుంచి వచ్చిన కలప వ్యాపారి లారీ ఆగి ఉంది. పాలసీకి ఇక్కడ సంతకం, చెట్లకు అక్కడ బేరం. మొదటి ప్రీమియం వ్యాపారే నేరుగా కౌంటరులో కట్టేస్తాడట. ఆ రెండు పనులూ ఒకే పొద్దున ఒకే చోట ఎలా కలిశాయో ఇప్పటికీ నాకెవరూ చెప్పలేదు. అడిగితే అది ఫైనాన్షియల్ ఇన్‌క్లూజన్ అన్నారు.

సుక్రి వరసలో ముందే ఉంది. డొంబు పక్కన బుర్ర గోక్కుంటూ నిలబడ్డాడు. ఆ మనిషికి పెళ్ళాం ఏమంటే అదే.

నేను సుక్రి చెయ్యి పట్టుకుని పక్కకు లాగాను. “చెట్లు కొట్టించకు. నీడ పోతే కాఫీ ఎండిపోతుంది. మిరియం తీగలు చెట్లతో పాటే నేలకొస్తాయి. వచ్చే ఏడు ప్రీమియం దేంతో కడతావు?”

“కాఫీ డబ్బుల్తో కడతాను.”

“కాఫీయే ఉండదంటుంటే!”

“పైవాలు ఒగ్గేత్తాను. కిందవాలులో కొట్టిత్తాను. ఆ మేనేజరు బాబు లెక్క సెప్పాడు.”

“ఆ బాబుకి కాఫీ గురించి ఏం తెలుసు?”

సుక్రి చెయ్యి విడిపించుకుంది. అందరూ వినేలా అంది. “నీకు నెలనెలా వత్తాది. నాకు రాకూడదేటి? నీకు వత్తే మంచిది, నాకు వత్తే సెడ్డదా? ఏటి సేత్తన్నావు మేడమ్మా నువ్వు, నా దారికి అడ్డంగా వత్తన్నావు?”

నా పింఛనుకూ ఆ పాలసీకీ ఉన్న తేడా వెయ్యి మాటల్లో చెప్పగలను. నాది బ్యాంకు కడుతుంది, సుక్రిది సుక్రే కట్టాలి. నాది ఒక నెల ఆగదు, సుక్రిది ఒక ఏడు తప్పితే మూతపడుతుంది. కానీ ఆ వరండాలో, నెల జీతం తీసుకునే మనిషి నోట్లోంచి ఆ మాటలు వస్తే, వద్దు నీకు తగదు అన్నట్టే వినిపిస్తాయి. సుక్రికి అలాగే వినిపించాయి.

నేను మైకు దగ్గరికి వెళ్ళాను. “నీడచెట్లు కొట్టించకండి, ఈ పాలసీ మీకు పనికిరాదు” అన్నాను. రెండో మాటకే మైకు ఆగిపోయింది. శేఖర్‌గారు నా దగ్గరికి వచ్చి, అందరికీ వినిపించేలా ఎంతో ఆప్యాయంగా, “మేడమ్‌కి ఎండ పడలేదు. జీపులో కూర్చోబెట్టండి” అన్నారు. జీపులో కూర్చోబెట్టారు. అక్కడి నుంచి గొడ్డళ్ళ చప్పుడు విన్నాను.

బుద్రి ఆ రోజు ఊళ్ళో లేదు. హుకుంపేట సంతకు మేకను అమ్ముకోడానికి వెళ్ళింది. అమ్మి, చుట్టాల ఇంట్లో జీలుగు కల్లు తాగి, మర్నాడు గాని ఇంటికి చేరలేదు. తెలివైంది కాబట్టి తప్పించుకుందని తర్వాత ఒక అధికారి నాతో అన్నాడు. తెలివీ కాదు, ఇంకోటీ కాదు. బుద్రి వచ్చేసరికి లారీ వెళ్ళిపోయింది. తనకీ పాలసీ ఇవ్వలేదని మా బ్రాంచికి వచ్చి నానా యాగీ చేసింది.

డొంకరాయిలో

నెల తిరక్కుండా నన్ను సీలేరు పక్కన డొంకరాయికి వేశారు. అది శిక్ష అని ఎవరూ అనలేదు, పరిపాలనా సౌలభ్యం అన్నారు. నేను పై ఆఫీసుకు రాశాను, మళ్ళీ రాశాను, విశాఖ వెళ్ళి ఒక పెద్ద అధికారి ఎదుట నిలబడి చెప్పాను కూడా. ఆయన ఓపిగ్గా విని, “వాళ్ళు ఇష్టపడే సంతకం పెట్టారు కదమ్మా” అన్నాడు. ఇష్టపడే పెట్టారు. అబద్ధం కూడా ఇష్టపడేలాగే చెప్పారు మరి.

డొంకరాయిలో విద్యుత్ ప్రాజెక్టు ఉద్యోగులు మా ఖాతాదారులు. రిటైరవుతున్నవాళ్ళు వచ్చి, వచ్చే డబ్బు ఎక్కడ పెట్టాలని అడిగేవారు. మంచి చదువు, మంచి జీతం, క్వార్టర్లు. వాళ్ళలో నాకు తెలిసినవాళ్ళు చాలామంది యాభై ఎనిమిదో ఏడు దాకా ఒక్క రూపాయి కూడా తమంతట తాము దాచలేదు. చేతికొచ్చిన డబ్బంతా బావమరిది చెప్పాడని ఎక్కడో ప్లాట్లలో పోసి, ఆ ప్లాట్లు ఎక్కడున్నాయో వెతుక్కుంటూ తిరిగినవాళ్ళున్నారు. వాళ్ళను ఎవరైనా ముందుచూపు లేని జాతి అన్నారా? వాళ్ళ మీద ట్రైనింగ్ సెంటర్లో బొమ్మలు వేశారా? నెలనెలా పింఛను వస్తుంది కాబట్టి వాళ్ళ తెలివితక్కువతనం కూడా దర్జాగా కుర్చీలో కూర్చుంటుంది.

అదే ప్రాజెక్టులో కాంట్రాక్టు కూలీలు ఉండేవారు. నడుం పోయిన రోజు వాళ్ళకు రిటైర్మెంట్. అది నలభై అయిదుకే రావచ్చు. మెట్ల బొమ్మలో ఆ మెట్టు లేదు.

మీకు చెప్పేది

మీరు కొత్తగా వెళ్తున్నారు కాబట్టి సూటిగా చెబుతాను.

ఏడాదికోసారి డబ్బు చూసే మనిషికి నెలనెలా కోత పడే పథకం అంటగట్టకండి. కొండల్లో శీతాకాలం చివర డబ్బుంటుంది. వానలు మొదలయ్యేసరికి ఉండదు. శ్రావణంలో ఖాతాలో కోతకు డబ్బు లేక జరిమానా పడితే అది ఆయన తప్పు కాదు, ఆ తేదీ పెట్టినవాడి తప్పు. ఆ మాత్రం తెలియని పథకం మీకు ఎంత కమిషన్ ఇచ్చినా దాన్ని మీ దగ్గరే ఉంచుకోండి.

ఇరవైల్లో ఉన్న కుర్రాడు, పిల్ల వస్తే పాలసీ మాట ఎత్తకండి. వాలు పట్టా ఎవరి పేరున ఉందో అడగండి. పెళ్ళాం పేరు కూడా అందులో చేర్చే వీలుంటే ఆఫీసుల చుట్టూ వాళ్ళతో పాటు మీరూ తిరగండి. సుక్రి పాతిన మొక్కలకు కాగితం మీద యజమాని డొంబు. ఆవిడ స్వతంత్రం మొదటి రోజు నుంచే ఇంకొకరి పేరు మీద ఉంది. ముప్ఫైల్లో, నలభైల్లో ఉన్నవాళ్ళకు కావాల్సింది జబ్బు చేస్తే చెట్టు కొట్టించకుండా గట్టెక్కే దారి. పంట బాగా వచ్చిన ఏడు నాలుగు డబ్బులు మిగిలితే, అడిగిన రోజు తీసుకునేలా ఖాతాలో ఉంచండి. యాభై దాటినవాళ్ళకు ఏళ్ళ తరబడి కట్టాల్సింది ఏదైనా అమ్మడం దోపిడీ. నేను ఇంకే మెత్తని మాటా వాడను. అరవై దాటినవాళ్ళకు సర్కారు ఇచ్చే పింఛను వేలిముద్ర పడక ఆగిపోతే, మట్టిలో అరిగిన వేళ్ళవి అని గుర్తుపెట్టుకుని, వాళ్ళను తిప్పకుండా పని చేసిపెట్టండి.

ఇవేమీ టార్గెట్టులోకి రావు. మీ మేనేజరు మెచ్చుకోడు. మెచ్చుకోకపోతే ఏమవుతుందో నాకు తెలుసు, డొంకరాయికి వేస్తారు. డొంకరాయి బాగానే ఉంటుంది, చేపలు దొరుకుతాయి.

నెలాఖరు

రిటైరయ్యాక పోయిన చలికాలంలో విశాఖలో కిరండోల్ రైలెక్కి అరకులోయలో దిగి, రాత్రి అక్కడే ఉండి, తెల్లారి ఆటోలో సుక్రి ఊరు వెళ్ళాను. కబుర్లు అంతకుముందే అందుతూనే ఉన్నాయి. కిందవాలులో చెట్లు కొట్టాక మొదటి ఏడు కాఫీ విరగ కాసిందట. ఎండ తగిలితే అలాగే కాస్తుంది, ఉన్న సత్తువంతా ఒక్కసారే కక్కేస్తుంది. శేఖర్‌గారు ఆ కొమ్మల ముందు నిలబడి ఫొటో కూడా తీయించుకున్నారట. మరుసటి ఏడాది ఆకులు మాడాయి. ఆపైన కాండం తొలిచే పురుగు పట్టింది. కిందవాలు పోతే ప్రీమియం కోసం పైవాలు చెట్లు కూడా కొట్టించారు. దాంతో అదీ పోయింది. కట్టలేక ఆపేసిన పాలసీకి చేతికొచ్చిన డబ్బు డొంబు చివరి జబ్బుకు సరిపోలేదు. కూతుళ్ళు పెళ్ళిళ్ళై వెళ్ళిపోయారు.

శేఖర్‌గారు ఇప్పుడు పెద్ద హోదాలో ఉన్నారు. బాగున్నారని విన్నాను.

నేను వెళ్ళేసరికి పొద్దున్నే. సుక్రి పొయ్యి ముందు కూర్చుని ఉంది. మనిషి సగమైంది. మూడు పుడకల్లో ఒక్కటే మిగిలింది. గొంతు మాత్రం అదే.

“వచ్చినావేటి మేడమ్మా. కూకో. కుర్సీ లేదు.”

నేల మీద కూర్చున్నాను. గుమ్మంలోంచి వాలు కనిపిస్తోంది. ఎడమ వైపు బుద్రి సగం నల్లగా, చిక్కగా నీడతో ఉంది. కుడి వైపు సుక్రి సగం ఎండలో తెల్లగా మెరుస్తోంది. మొండి కాండాలు, మధ్యలో గడ్డి.

సుక్రి పొయ్యిలో కట్టె ఎగదోసింది. తర్వాత సుక్రే అంది. “నువ్వు ఆయేల సెప్పినావు.”

“నువ్వు వినలేదు.”

“ఎలాగ ఇంటాను? నీ పింఛను నువ్వు ఒల్లో ఎట్టుకొని, నాకు వద్దని సెప్పినావు.” అందులో కోపం కూడా లేదు. ఉంటే బాగుండేది.

అప్పుడే నా సంచిలో ఫోను టింగుమంది. నెలాఖరు. ఆ చప్పుడు ఏమిటో నాకు చూడకుండానే తెలుసు. సంచిని వెనక్కి జరిపాను. సుక్రి చూస్తూనే ఉంది.

“ఏటది?”

“ఏదో కంపెనీ మెసేజ్.”

“నీ నెల వచ్చిందేటి?”

అబద్ధం నిలవలేదు. “వచ్చింది” అన్నాను.

“ఈ నెల్లో ఏటి పని సేసినావు?”

“ఏమీ చెయ్యలేదు సుక్రీ.”

తలాడించింది. ఎన్నో ఏళ్ళ కింద బ్రాంచిలో నోటి మీద చెయ్యి వేసుకున్న మనిషి, ఈసారి వేసుకోలేదు. వాలు ఎడమ వైపు నుంచి గట్టిగా కేక వినిపించింది. అది బుద్రి గొంతు.

“సుక్రే! పొద్దెక్కిపోతంది, బేగి రాయే! పండు రాలిపోతంది!”

కాఫీ పళ్ళు కోసే కాలం. బుద్రి తోటలో కూలికి కోస్తోంది సుక్రి. మధ్యాహ్నం అంబలి బుద్రే పోస్తుంది.

“వత్తన్నాను!” అని కేకేసి, సుక్రి మోకాళ్ళు పట్టుకుని లేచింది. బుట్ట తీసింది. గోడ మీది సత్తుగిన్నె తీసి, తువ్వాలుతో తుడిచి, బుట్టలో వేసుకుంది. నాకేసి చూడకుండా ఎదురింటి పక్క దారిలో పైకి వెళ్ళిపోయింది.